పసుపు చుక్క

మార్టేరు సెంటర్లో ఎరువుల కొట్టు మీద మేడ,
నా స్టూడియో.
కంప్యూటర్లో ఎర్ర చుక్కంటే ముట్టుకోలేదని,
ఆకుపచ్చంటే ఇచ్చేశామని.
పసుపు మాత్రం ఎవరికీ చెప్పుకోలేని లెక్క.

నూట పద్నాలుగు పసుపులున్నాయి ఇవాళ్టికి.
రొయ్యల చెరువు గట్టున భాగస్థులు:
ఆకాశం మార్చమన్నారు, ఏ రంగో చెప్పలేదు.
ఓణీల ఫంక్షన్ పిల్ల, ఒక చెంప నునుపు, ఒక చెంప మొటిమలు;
అక్కడ కరెంటు పోయింది.
‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’
పేర్లు పెట్టింది నేనే,
ఏది ఏదో నాకే తెలీదు.

కాలువ కట్టేసిన ఎండల్లో
కొప్పిశెట్టి వీర్రాఘవులు వచ్చి
గృహప్రవేశం ఫోటోలోంచి తోడల్లుణ్ణి తీసెయ్యమన్నాడు.
గట్టు తగాదా.
తీశాను. ఆ చోట అరటి గెల అతికించాను.
పాప భుజమ్మీద చెయ్యి మాత్రం మిగిలిపోయింది,
నాలుగు వేళ్లు, ఒక ఉంగరం.
రేపు చూద్దాంలే అనుకున్నాను.
పసుపు.

లాకులెత్తారు. నాట్లయిపోయాయి.
నిన్న సాయంత్రం వానలో
చెప్పులు మెట్ల కిందే విడిచి వచ్చి
‘‘అది పూర్తయిపోయిందేంటి?’’ అన్నాడు, గొంతు తగ్గించి.
‘‘ఇంకా లేదండీ’’ అన్నాను
మొదటిసారి సిగ్గుపడకుండా.

నేనేదీ చెరపలేదు, దాచానంతే.
ఆ పొర పక్కనున్న చిన్న కన్ను బొమ్మ నొక్కాను.
చేతికి మనిషొచ్చాడు.

వీర్రాఘవులు కళ్లజోడు పంచెకొంగుతో తుడుచుకుని
చాలాసేపు చూసి
‘‘ఆ గెల కూడా ఉంచవయ్యా, బావుంది’’ అన్నాడు.

ఎక్కడ పెట్టాలో తేలట్లేదు.
చుక్క ఇంకా పసుపే.