నాను సూడనేదు

మాగంలో పదో దినమో, పన్నెండో.
పోటు తీసీసినాక ఉప్పుటేరు
బురదని వొగ్గేసి సముద్రానికి ఎల్లిపోనాది.

నౌపడ కొఠార్ల కవతల, ఏటి నడుమ
కుంటోడి దిబ్బ.
అమీను పటంలో దానికి పేరు నేదట,
‘పనికిరాని నేల’ అని రాసుంటాదట.
సోడంబలి తపేలా నెత్తిన పెట్టుకొని
మోకాటి నీల్లలో పీతలకని ఎల్లినాను.

ఉల్లంకులు నూరున్నాయి.
నూరూ బురదని సూదుల్తో కుట్టుకుంటన్నాయి.
ఒకటి మాత్రం కుట్టడం నేదు.
దాని ముక్కు కొసన సెంచా,
నా మనవరాలికి తేనె నాకించిన దానికన్నా సిన్నది.
తలొంచుకొని ఇటూ అటూ, అటూ ఇటూ
నాను మడిలో ఉప్పు లాగినట్టే
నడుం ఎత్తకుండా లాగుతంది.

దానికి కూలెవుడిస్తాడో.

పిచ్చుకంత పిట్ట. కాలికి తెల్ల పట్టీ,
పట్టీ మీద రెండచ్చరాలు.
నాకు సదువు రాదు గానీ
మస్టర్లో నా ఏలిముద్ర పక్కనా ఇలాటియే ఉంటాయి.
ఎవుడో దీన్నీ నెక్కలో ఏసుకున్నాడు.

ఎంతసేపు నిలబడ్డానో,
పోటు తిరిగొచ్చి సీర కుచ్చిళ్లు తేలినాక తెలిసింది.
పీతలు నేవు. ఆ పూట కూరా నేదు.
కోడలు అడిగితే
ఏరు ఇవ్వనేదన్నాను.

మూడోనాడు జీపొచ్చింది.
ఇద్దరు గుంటలు, మూడు కాళ్ల మీద ఓ గొట్టం,
ఎనకాల ఫారెస్టు దుర్యోధన.
బొమ్మ సూపించినారు. అదే మూతి.
‘నోకం మొత్తం మీద కొన్ని వందలే మిగిలున్నాయటే దాలమ్మా,
మంచుదేశం నుంచొస్తాదట. సూసినావేటి?’
గొట్టం పట్టిన గుంటడు నా నోట్లోకే సూస్తన్నాడు,
ఎండకి పెదాలు పగిలిపోనాయి పాపం.
మంచోడే అయుంటాడు.

మూడు కాళ్ల గొట్టం ఇంతకు మునుపూ సూసినాం.
అప్పుడొచ్చినోల్లూ మంచిగానే మాటాడినారు,
మా కుండలో నీల్లే అడిగి తాగినారు.
తరవాత తంపరలో రాళ్లు మొలిసినాయి,
రాళ్ల మీద ఎర్రంకెలు.
కోసలమ్మ గేదెలు ఇప్పటికీ
ఆ రాళ్లకే ఒళ్లు రుద్దుకుంటాయి,
మేసీ జాగా మాత్రం నేదు.

‘సూడనేదు బాబూ’ అన్నాను.

జీపు బావనపాడు దిక్కు పోనాది.
రాత్రి నిద్దర పట్టనేదు.
సెప్పుంటే కాపలా పెట్టీవోరేమో.
సెప్పనేదు కాబట్టి
రేపు ఎవుడేనా వల పన్నితే?
ఏది తప్పో సెప్పడానికి
పక్కన ముసిలోడు కూడా నేడు.

కోడి కుయ్యకముందే ఎల్లినాను.
మంచు. దిబ్బ మీద ఒక్క పిట్టా నేదు.
బురద నిండా సూది పోట్లు,
వాటి నడుమ వంకరటింకరగా
ఎవులో నున్నగా తుడిసినట్టు ఓ దారి.

అటూ ఇటూ సూసి
కాలితో సెరిపీసినాను.