వెనక రాత

అమ్మాన్‌లో మూడో అంతస్తు. కరెంటు లేదు.
పళ్ళ డాక్టరు ముదఫ్ఫర్ టార్చి పట్టుకుని
బొమ్మల్ని గోడవైపు తిప్పి వీపులు చూపిస్తాడు.
"ముఖాలు ఎవరైనా చూస్తారు."

యూనాన్ పెన్సిలు రాతలు:
"రెండు దంతాలు పీకినందుకు. నొప్పి నాది, పసుపు నీది."
"ఆంక్షల ఏడు. కాన్వాసు దొరకలేదు."
నిజమే, పిండి సంచి.
మిల్లు ముద్ర ఇంకా ఉంది, యాభై కిలోలు.

ఒకదాని వెనక ఏమీ రాసి లేదు.
బాగ్దాద్ వదిలిన రాత్రి
చట్రం విరిచి, నదిని తివాచీలో చుట్టి
అతనే డిక్కీలో సర్దాడట.
"ముందు దీన్ని తీసుకుపో, నేను తర్వాత వస్తాలే."

ధర అడిగాను.
టార్చి ఆర్పేశాడు.
చీకట్లో కాసేపు లిన్సీడు నూనె వాసన.
"ఎడం దవడ నొప్పన్నావుగా," అన్నాడు,
"నోరు తెరువు, చూస్తాను."