అద్దానికి బయటివైపు

ముహర్రఖ్ బస్టాండు వెనక సందులో
మా కంప్యూటర్ల రిపేరు కొట్టు.
ఆగస్టు పొద్దున షట్టరెత్తితే
గాజు తలుపు నిలువునా తడిసి ఉంటుంది,
బయటివైపు.
లోపల రాత్రంతా ఏసీ,
బయట ఒంటికి అతుక్కునే సముద్రం.
వచ్చిన కొత్తలో నాకిది పట్టలేదు.
పాతగుడ్డతో తుడిచి, మళ్ళీ తుడిచి
ఎవర్నో తిట్టుకునేవాణ్ణి.

ఆ బిళ్ళని తెచ్చింది జాసిమ్.
పదిహేడేళ్ళుంటాయి, తోబు మీద కాఫీ మరక.
బిస్కత్తంత మందాన తెల్లటి పింగాణీ పలక,
ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ.
"ప్రాసెసర్ మీద పెట్టు, మంచు పట్టాలి" అన్నాడు.
వాళ్ళ పినతండ్రి కొడుకు కంప్యూటర్ కంటే చల్లగా ఉండాలట,
పందెం.

పనిచేస్తుందో లేదో చూద్దామని
ఉత్త వేళ్ళ మధ్య పట్టుకుని కరెంటిచ్చాను.
బొటనవేలికి పుష్యమాసం
చూపుడువేలికి కొలిమి.
పది లెక్కపెట్టేలోపే జారవిడిచాను.
బొబ్బ మూడు వారాలుంది.

అక్కడితో బుద్ధి రావాల్సింది.
బిళ్ళని బిగించాను, పైన ఉన్న చిన్న ఫ్యానే పెట్టాను.
తెర మీద పద్నాలుగు డిగ్రీలు.
జాసిమ్ ఈల వేసి కరక్ చాయ్ తెప్పించాడు.
చాయ్ కుర్రాడు తలుపు తీసి
చిల్లర కోసం అలాగే నిలబడ్డాడు.
వాడి వెనకే వచ్చింది సముద్రం,
చెప్పులు విడవకుండా.
సాకెట్ చుట్టూ నువ్వుగింజంత చుక్కలు,
కాసేపటికి పెసరగింజంత.
టప్ మని ఒక్క చప్పుడు.
తెర నల్లబడింది.
నా జీతంలో నలభై దీనార్లు
ఆ చుక్కల్లోనే ఆరిపోయాయి.

ఓదెలన్నది పెద్దపల్లి తరఫు.
ఇరవై రెండేళ్ళుగా మాల్ కప్పుల మీద ఏసీ పని.
కింద శాలువాలు కప్పుకుని తిరిగేవాళ్ళ వేడంతా
పైన ఆయన ముఖానికి కొడుతుంది.
శుక్రవారం నా బొబ్బ చూసి నవ్వాడు.
"సల్లదనం యాడికెల్లో పుట్టదు తమ్మీ,
ఈడి ఉడుకును ఆడికి మోసుడే.
మోసెటోనికి గూడ ఉడుకెక్కుతది.
నీ చిప్పుది అరవై అయిదు వాట్లు,
బిళ్ళ తినేది ఇంకో తొంబై,
రెండు గలిపి ఎనక ముఖం మొయ్యాలె.
దానికేమో ఇంత ఫ్యాను పెడ్తివి.
ఎనక ముఖం ఓడిపోతే
ఉడుకంత తిరిగొచ్చి చిప్పు మీద్నే కూసుంటది."
తీగలు తారుమారైతే ముఖాలూ తారుమారే, అన్నాడు
పళ్ళలో ఖర్జూరం గింజ తిప్పుతూ.

రెండోసారి తొందరపడలేదు.
పిడికిలి కంటే పెద్ద రేకుల దిమ్మె,
బిళ్ళకి విడిగా ఒక పవర్ సప్లై.
ముందు ఫ్యాను, అది తిరిగాకే బిళ్ళ.
వేడివైపు డెబ్భై దాటితే
దానంతటదే కరెంటు కోసేసే మీట.
సాకెట్ గుంటల్లో గ్రీజు మెత్తి
గాలి దూరకుండా చుట్టూ నురుగు రబ్బరు కోసి అంటించాను,
పసిదానికి చెవుల్లో దూది పెట్టినట్టు.
చివరగా డయల్.
గాలి నీళ్ళు వదిలే అంకె ఒకటుంటుంది రోజుకొకటి.
తలుపెప్పుడు ఎవరు తెరుస్తారో తెలీదు కనక
బయటి అంకే లెక్క, దానికి రెండు కలిపి.

"ముప్పయ్యా?" అన్నాడు జాసిమ్. "మంచేదీ?"
నేను గాజు తలుపు చూపించాను.
బయటికెళ్ళి వేలితో తన పేరు రాసుకున్నాడు
కుడి నుంచి ఎడమకి.
పేరు పూర్తయ్యేలోపు
మొదటి అక్షరం కారిపోయింది.
చాలాసేపు అక్కడే ఉన్నాడు.
పందెం ఓడిపోయాడని తర్వాత తెలిసింది.
వాళ్ళ పినతండ్రి కొడుకుది
ఆ నెలాఖర్లోనే కాలిందనీ తెలిసింది.

ఇప్పుడు గుడ్డ కంటే ముందు
వేలు పెట్టి చూస్తాను అద్దానికి.
ఇవాళ మోచేతి దాకా కారింది.
డయల్ ఒక గీత పైకి తిప్పాను.
పన్నెండు దాటాక ఓదెలన్నకి ఫోన్ చెయ్యాలి,
అప్పుడైతే నీడలో ఉంటాడు.