లేని అక్షరం

ఔలులో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
నది మీద మంచు పలక బిగుసుకునే చప్పుడు
కిటికీ దాకా వస్తోంది.
తెర మీద ఎస్కో పంపిన ఫైలు:
కొత్త బోర్డు మీద ఏ చిప్పు ఎక్కడుందో
కెర్నెల్‌కి చెప్పే చిట్టా.

వేడి కొలిచే చిప్పుకి ముస్తిక్కా అని పేరెట్టాడు,
వాళ్ల పాప మూతికి నీలంగా అంటుకునే అడవిపండు పేరు.
నేను రాశాను:
ముద్దుపేరు కాదు, అది చేసే పని చెప్పు.
టెంపరేచర్ సెన్సర్. పక్కన దాని ఇంటి నంబరు, నలభై ఎనిమిది.
పెద్దక్షరాలొద్దు.
మాటకీ మాటకీ మధ్య కిందిగీత తీసేసి అడ్డగీత పెట్టు.

"మరి ఇదో?" అన్నాడు, పాత వరుసొకటి చూపించి.

అది వేయ్యో రాసింది.
కామాకి ముందు కంపెనీ పేరు. మూతపడి పదకొండేళ్లు,
ఆ భవనంలో ఇప్పుడు సైకిళ్లు బాగుచేస్తారు.
కామా తర్వాత మోడల్ పేరు,
అందులో ఒక అక్షరం జారిపోయింది.

"దిద్దనా?"
దిద్దకు.
బోత్నియా ఖాతంలో మంచు పగలగొట్టే ఓడల్లో
పాత బోర్డులున్నాయి.
తప్పుగా పిలిస్తేనే పలుకుతాయి.

పంపేముందు ఇంకోసారి చదువుకోవయ్యా అని
ఎన్నిసార్లు పోరానో.
సమాధి రాయి మీద అతని పేరు
ఒక్క తప్పు లేకుండా చెక్కారు.
అక్కడ నాకు ఎవరో పరాయివాడు.

పడుకోబోయే ముందు ఎస్కోకి మరో ముక్క రాశాను:
కోలన్‌కి ఎడంపక్క ముస్తిక్కాని ఉంచుకో, అక్కడ చెల్లుతుంది.
కంపైలయ్యాక ఎలాగూ చెరిగిపోతుంది,
యంత్రానికి తెలీనే తెలీదు.