ఎక్కిందా అబ్బయ్యా

సింగరాయకొండ రైలుగేటు పక్కన నా మైకుసెట్టు షాపు.
పెళ్లికీ చావుకీ అవే రెండు హారన్లు,
పెళ్లికైతే దుమ్ము దులిపి కడతాను.

ఈ కార్తీకం ముసురులో మాలకొండమ్మ పోయింది.
మన్నేటి కింద మళ్లలో నలభై ఏళ్లు
ముందు గొంతు ఆమెదే.
వెనక పదిమంది అందుకునేదాకా
నారుకట్ట విప్పేది కాదు.
ఆమె పాట ఆపితేనే నడుములు గుర్తొచ్చేవంట.
అందుకే రైతు కూలికంటే ముందు
ఆమెకు ఆకూ వక్కా పంపేవాడు.

మనవడొచ్చి అడిగాడు:
"బజారు దాకా వినపడాలన్నా,
ఏదన్నా భక్తి పాటలు పెట్టు."
పెట్టాను.
ఎవరిదో పట్నం గొంతు వైకుంఠం గురించి పాడతా ఉంటే
బల్ల మీద పడుకోబెట్టిన ఆమె దవడని
తెల్లగుడ్డతో నడినెత్తికి కట్టి ఉంచారు.

అంతకు నెల ముందు టంగుటూరు దీనమ్మ.
పొగాకు గ్రేడింగు షెడ్డులో
ఘాటుకి తల తిరిగే కొత్త పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని
గుమాస్తా మీసం మీద అప్పటికప్పుడు పదం కట్టేది.
గుమాస్తా కూడా నవ్వేవాడు,
నవ్వి, చీటీలో అరకేజీ తగ్గించి రాసేవాడు.
మర్నాడు ఆ అరకేజీ మీద ఇంకో పదం.

ఊళ్లపాలెంలో ఇంకొకామె,
ఆమె పేరు నాకు తెలీదు.
ఎవరింట్లో పోయినా కబురంపేవాళ్లు.
పోయినవాడి ఎద్దుల పేర్లు, బాకీలు, చేసిన మంచి
అన్నీ వరసగా ఎత్తి ఏడ్చేది.
ఆమె పోయిన రోజు వాకిట్లో ఆడోళ్లు
ఎవరు ఎత్తుకుంటారా అని
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
వాన పడింది, షామియానా కారింది, అంతే.

నా దగ్గరొక క్యాసెట్టుంది.
మీసాలు రాని రోజుల్లో,
బట్టల కొట్టు ప్రచారం టేపు రెండోవైపు ఖాళీగా ఉందని
మాలకొండమ్మని స్టూలు మీద కూచోబెట్టాను.
సాయంత్రం దాకా పాడింది. టీ కూడా అడగలేదు.
ఆ తర్వాత పంచాయతీ ఎలక్షనొచ్చింది,
బీరువా గుర్తు వాళ్లు తొందరపెట్టారు,
దాని మీదే ఎక్కించేశాను.
కొత్త టేపుకి డబ్బుల్లేక కాదు.
పాటదేముంది, మనిషి ఉందిగా అనుకున్నా.

షట్టరు దించాక, గూడ్సు పోయేదాకా ఆగి,
పెన్సిలు దూర్చి వెనక్కి తిప్పుతాను.
చెరగకుండా మిగిలింది మొదటి కాస్తే:
గాజుల చప్పుడు, ఒక కాకి,
గొంతు సవరించుకోవడం.
"ఎక్కిందా అబ్బయ్యా, నా గొంతు?"
"ఇంకా లేదు పెద్దమ్మా, ఆగు."
అది నేనే. ఎంత విసుగో ఆ గొంతులో.
"సరే, ఆగుతాలే"
అంటుంది.
తర్వాత టక్కున
మన గుర్తు బీరువా, మన గుర్తు బీరువా.