చదునైన నేల

తల వెనక, మెడలోకి దిగేచోట
పదిహేడు కుట్లు.
లోపల మా చిలోయె దీవి వెల్లుల్లి రెబ్బంత
ఏదో ఉండేదట, తీసేశారు.
దాంతోపాటు కాళ్ళకింది నేలనీ తీసేశారని
నాకెవరూ చెప్పలేదు.

ఇరవై రెండేళ్ళు
చకావో జలసంధిలో బల్లకట్టు మీద
తాళ్ళు విసిరినదాన్ని.
చేపల లారీలెక్కి బల్లకట్టు ఒరిగినా
చేతిలో టీ తొణకనిచ్చేదాన్ని కాదు.
ఇప్పుడు ప్వెర్తో మోంత్ ఆసుపత్రి మూడో అంతస్తులో
ఆకుపచ్చ పలకల గచ్చు
గాలివానకి కట్టుకొయ్య దగ్గర పడవలా కొట్టుకుంటోంది.
నా ఒక్కదానికే.

ఫిజియోథెరపిస్టు యస్నా
నా నడుముకి వెడల్పాటి బెల్టు బిగించి
వెనకనుంచి పట్టుకుంటుంది.
నాకంటే పాతికేళ్ళు చిన్నది.
"మడమ, తర్వాత వేళ్ళు" అంటుంది.
మడమ, తర్వాత వేళ్ళు.
ఇది నాకు మొదట ఎవరు నేర్పారు?
అమ్మ ఆటుకి బయటపడ్డ ఇసకలో
నాచు ఏరుకుంటూ నన్ను వదిలేసేది.
ఒకనాడు తట్ట దించి తిరిగి చూస్తే
తన వెనకే నిలబడి ఉన్నానట.
అంతే. పాఠం లేదు, పంతులమ్మ లేదు.
ఇప్పుడా తప్పటడుగులకే
పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట.

కుడికాలికి కబురు పంపితే ఆలస్యంగా అందుతుంది.
అందాక అతి చేస్తుంది.
గడప లేనిచోట గడప దాటినట్టు
పైకి లేచి, ధబ్బున దిగుతుంది.

"పాదాలు దగ్గరికి" అంటుంది యస్నా.
ఎందుకు దగ్గరికి?
అల మీద పాదాలు దగ్గర పెట్టినవాడు
మరుక్షణం నీళ్ళలో ఉంటాడు.
"ఇది అల కాదు ఎడెల్మీరా, గచ్చు."
నీకు గచ్చు.

పక్క కడ్డీల మధ్య ఇలారియో.
కట్టెలు కొట్టేవాడు, డెబ్బై రెండేళ్ళు.
నడక నేర్చుకోవడం ఆయనకిది మూడోసారి.
అడుగుకొక బూతు.
నర్సు కోప్పడితే
"నా చేతికర్ర అదేనమ్మా,
లాక్కుంటే పడిపోనూ?" అన్నాడు.

ఓ రాత్రి ఎవరినీ పిలవకుండా
స్నానాలగదికి బయల్దేరి పడ్డాను.
చెంప గచ్చుకి ఆనింది.
చల్లగా ఉంది. కదలడంలేదు.
చెవి ఆనించి చాలాసేపు విన్నాను,
ఎక్కడా అల చప్పుడు లేదు.
నన్ను లేపడానికి ఇద్దరొచ్చారు.
ఇంకాసేపు ఉండనివ్వండి అంటే
పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

సోమవారం ఇలారియో రాలేదు.
యస్నా బెల్టు బిగిస్తూ
కిటికీ వైపు చూడమంది నన్ను.
నేనడగలేదు.
ఆ రోజు తొమ్మిది అడుగులు వేశాను.
ఆరో అడుగు దగ్గర
ఆయన మాట ఒకటి అరువు తెచ్చుకున్నాను, పైకే.
యస్నా నవ్వలేదు.
బెల్టు మాత్రం కాస్త వదులైంది.

ఏప్రిల్‌లో ఇంటికి పంపారు.
బల్లకట్టుకి టికెట్టు కొనడం నా బతుకులో మొదటిసారి.
నా తాళ్ళు ఇప్పుడు నవుయెల్కిన్ కొడుకు చేతిలో.
ముడి వదులుగా వేశాడు,
నోరు మూసుకున్నాను.

నడిమధ్యలో నీళ్ళు ఎదురుతిరిగాయి.
ప్రయాణికులు కాళ్ళు ఎడంగా చాపి
దొరికిన కడ్డీకల్లా వేలాడుతూ
తూలుతూ, వేసే ప్రతి అడుగూ ముందు తడుముకుంటూ.
అందరూ నాలాగే నడుస్తున్నారు.
కోటు వేసుకున్న ఒకావిడ
పడబోయి నా భుజం పట్టుకుంది.
నన్ను!
నేను కదల్లేదు.
ఆవిడ క్షమించమంది.
పర్లేదు, పట్టుకోండి అన్నాను,
అవతలి ఒడ్డుదాకా.

తర్వాత ఇనప తలుపు దిగింది.
ముందు లారీలు, తర్వాత మనుషులు,
వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.
ఎదురుగా రోడ్డు,
వానకి తడిసి, చదునుగా,
పట్టుకోవడానికి ఏమీ లేకుండా.
బెల్టు లేని నడుముకి గాలి తగిలింది.
అక్కడే చాలాసేపు నిలబడి
పాదాలు కాస్త దగ్గరికి జరిపాను.
కాస్తే.