వినపడే ఎత్తు

ఖషూరిలో రైలింజన్లు బాగుచేసిన షెడ్డు
ఇప్పుడు చదువుల గది.
గది అనడానికి నోరు రాదు:
నేల నుంచి కప్పుకు పదకొండు మీటర్లు,
మధ్యలోదంతా పావురాల జాగీరు.

మున్సిపాలిటీ కాగితంలో ఒకటే షరతు,
వైఫై పెట్టెలు కంటికి ఆనకూడదు.
ఆర్కిటెక్టు బొమ్మలో అవి
కప్పుకు అంటిన ఆరు తెల్లచుక్కలు,
సున్నంలో సున్నం.
సరేనన్నాడు మా మేస్త్రీ బద్రి.
డబ్బిచ్చేవాడి కంటికి నచ్చడం కూడా పనిలో భాగమే.

కత్తెర కాళ్ల లిఫ్టు రెండు రోజుల అద్దెకు తెచ్చాం.
"మాక్వలా, నువ్వే తేలిక" అని నన్నెక్కించారు.
పైన తొట్టి ఊగుతుంటే
పాత దూలం మీద చెయ్యి ఆనించాను,
అరచేతికి నలభై ఏళ్ల మసి.
ఆరూ బిగించి దిగాను.
ఖాళీ షెడ్డులో నడిచి కొలిస్తే
లాప్‌టాప్ నిండా పచ్చదనం.

సోమవారం పిల్లలొచ్చారు,
తడి కోట్లు, సంచులు, నూట అరవై ఫోన్లు.
మనిషంటే ఎంతైనా నీళ్ల తిత్తి,
వచ్చే అలలో సగం తనే తాగేస్తాడు.
గంటలోపే ఫిర్యాదు:
గీతలు నిండుగానే ఉన్నాయి,
పేజీ మాత్రం తెరుచుకోదు.

ఇందులో మాయేం లేదు.
పెట్టెది పెద్ద గొంతు, పైనుంచి అరిస్తే కిందికి చేరుతుంది.
ఫోనుది పీలగొంతు.
జేబులో బతికేది, బ్యాటరీ పొదుపు చేసుకునేది,
అది "ఇక్కడున్నా" అన్న మాటకి
సగం ఎత్తు ఎక్కేసరికే ఆయాసం.
పైనున్న ఆరూ మటుకు
అడ్డులేని గాలిలో ఒకదాన్నొకటి శుభ్రంగా వింటాయి,
ఒకటి మాట్లాడితే ఐదూ వంతుకోసం ఆగుతాయి.
పెద్దమనుషుల సభ.

"పవర్ పెంచు" అన్నాడు బద్రి.
పెంచాను.
ఇంకా గట్టిగా అరిచాయి.
ఇంకా ఏమీ వినలేదు.

కోట్లు తగిలించే బల్ల దగ్గర
లమారా పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ
మా అవస్థ చాలాసేపు చూసింది.
ఇదే షెడ్డులో ఇరవై ఆరేళ్లు
క్రేను నడిపిన మనిషి.
"నేనూ అక్కడే కూర్చునేదాన్ని" అంది,
పొట్టు ఊసి, గడ్డంతో పైకి చూపిస్తూ.
"నేను తిడితే కింద అందరికీ వినపడేది.
ఒకరోజు ఒకడు 'ఆపు' అన్నాడట.
పదిమంది విన్నారు.
నేను వినలేదు.
వాడికి రెండు వేళ్లు పోయాయి."

తర్వాత మాట్లాడలేదు. లేచి,
మూడో స్తంభం దగ్గరికి తీసుకెళ్లి
నా చెయ్యి పట్టుకుని ఇనుము మీద పెట్టింది.
రంగు కింద సొట్టలు,
భుజమెత్తున, ఒకదాని మీద ఒకటి.
ఆ రోజు నుంచి కిందివాళ్లు
చెప్పాల్సింది స్పానర్‌తో ఇక్కడ కొట్టేవారట.
స్తంభం పైకి మోసుకెళ్లేదట.

బద్రి ఆ సొట్టల్ని రెండుసార్లు తడిమాడు.
లిఫ్టు ఇంకొక రోజు ఉంచమని ఫోన్ చేశాడు.

ఆరింటినీ దించాం.
స్తంభాలకి, మూడున్నర మీటర్ల దగ్గర,
చెయ్యి అందనంత, గొంతు అందేంత.
ముఖాలు బల్లలవైపు వంచాం.
పవర్ సగానికి తగ్గించాం,
పక్కవాడి మాట పక్కవాడికి అక్కర్లేదు కనుక.
మూడో స్తంభం మీది పెట్టెని
సొట్టలకు సరిగ్గా నెత్తిన బిగించాను.
అక్కడే ఎందుకంటే లెక్కల్లో కారణం చూపించలేను.

మంగళవారం ఎవరూ ఏమీ అనలేదు.
మా పనిలో మెచ్చుకోలు అంటే అదే.

బుధవారం ఆర్కిటెక్టు వచ్చి తల ఎత్తాడు,
తర్వాత కొంచెం దించాడు.
"కనపడుతున్నాయి" అన్నాడు.
"వినపడుతున్నాయి కూడా" అన్నాడు బద్రి.

కప్పుకి ఆరు చోట్ల బెజ్జాలు మిగిలాయి.
మూడో రోజు లిఫ్టు అద్దె
ఎవరి ఖాతాలో రాయాలో
ఇంకా తేలలేదు.